నడికొప్పు లేని కొట్టం

పట్టా ఒకరి పేర ఉండి, ఆ నేలలోని కొట్టంలో మరొకరి ఎద్దులు కట్టి ఉంటే, ఆ నేల ఎవరిదో మీరు చెప్పగలరా?

పట్టా ఎవరి పేర ఉంటే నేల వాళ్ళదేనని చట్టం చదివినవాళ్ళు తడుముకోకుండా చెబుతారు. ఉదయగిరికి నాలుగు మైళ్ళ దూరంలో, కొండ కింద ఉన్న పాళెంలో అడిగి చూడండి, అక్కడివాళ్ళూ తడుముకోరు. వాళ్ళ జవాబు మాత్రం వేరు. ఈ రెండు జవాబుల నడుమ లిదియమ్మ అనే మనిషి పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది మే నుంచి ఎనిమిది నెలలు నిలబడింది. నిలబడింది అనడం కూడా తప్పే. ఆమె ఒకచోట నిలబడే మనిషి కాదు. గుడిసెలో కూర్చుంటే గుమ్మం వైపు, పొలంలో ఉంటే పాళెం వైపు, ఆరాధనలో మోకరించి ఉంటే కిటికీలోంచి కొండ వైపు చూస్తూనే ఉండేది. "కాళ్ళలో ఏమన్నా పోసుకొని పుట్టిందా ఈ మనిషి!" అని పాళెంలో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

అప్పటికి ఆమెకు ముప్పై ఏడేళ్ళు. భర్త ప్రేమానందం బావి తవ్వకంలో మట్టి కూలి పోయి ఏడేళ్ళయింది. పిల్లలు లేరు. డెబ్బై అయిదులో భూమి లేనివాళ్ళకు ప్రభుత్వం బంజర్లు పంచినప్పుడు, భర్త పోయిన ఆడమనిషని, ఆమె పేర రెండెకరాల డి-ఫారం పట్టా వచ్చింది. ఆ కాగితంలో షరతులు మూడు ముక్కల్లో ఉన్నాయి: అమ్మకూడదు, ఇంకొకరి చేతుల్లో పెట్టకూడదు, మూడేళ్ళలో సాగులోకి తేవాలి. కాగితం ఇచ్చినవాళ్ళు ఆ నేలను చూశారో లేదో తెలియదు. అది కొండ వాలున పరచుకున్న రాళ్ళ మడి. లిదియమ్మ నాలుగు వేసవులు గంపతో రాళ్ళు ఏరి, పడమటి గట్టు పొడుగునా పోసింది. ఆ పోత మనిషి ఎత్తు లేచింది. రాళ్ళు తగ్గిన చోట సజ్జ మొలిచింది.

దున్నింది మాత్రం ఆమె బావ ఆదెయ్య. ప్రేమానందానికి అన్న. పాళెంలో సొంత ఎద్దుల జత ఉన్న మగవాళ్ళు ముగ్గురే, వాళ్ళలో ఒకడు. ఏటా తొలివాన పడగానే పిలవకముందే వచ్చి దున్ని పోయేవాడు, కూలి అడిగేవాడు కాదు. ఈ మాట మొదటే చెప్పాలి. ఎందుకంటే తరువాత జరిగింది విన్నవాళ్ళు ఆదెయ్యను దుర్మార్గుడనుకుంటారు. అతడు దుర్మార్గుడు కాదు. దుర్మార్గుడైతే లిదియమ్మ పని ఎంతో సులువయ్యేది.

ఆ ఏడు మే నెలలో వచ్చిన గాలివాన కొండ కింది పాళేలన్నింటినీ ఊడ్చుకుపోయింది. లిదియమ్మ గుడిసె కప్పు ఎక్కడ పడిందో కూడా తెలియలేదు. రెండు బర్రెలు మాత్రం పలుపులు తెంపుకొని, పొలం దాకా పరుగెత్తి, రాళ్ళ పోత చాటున నిలబడి బతికాయి. ఆదెయ్య తన ఇంటి వసారాలో ఒక పక్క చాప పరిపించి, "ఇల్లు లేచిందాకా ఈడే ఉండు" అన్నాడు. ఆ వసారాలో రెండో పక్క అతని తల్లి రాహేలమ్మ పడుకునేది. బర్రెలను ఆదెయ్య ఎద్దుల పక్కనే కట్టేశారు.

అందరూ ఉన్న చోటనే మళ్ళీ గుడిసెలు లేపుకుంటూ ఉంటే లిదియమ్మ ఒక మాట అనేసింది. తన గుడిసె ఇక పాళెంలో లేపదు. పొలంలోనే ఒక కొట్టం వేస్తుంది. ఒక కొసన బర్రెలు, మరో కొసన తాను.

రాహేలమ్మ నోట్లో ఆకు నములుతూ ఆగిపోయింది. "ఏందమ్మే, బర్రెతో కాపురమా?"

"మడిసితో చేసినా గదా అత్తా, ఇప్పుడు దీంతో చేసి చూస్తా."

"రెండు మైళ్ళ దూరానా, ఒంటిగా?"

"రెండు మైళ్ళ దూరానుండే గదా, నా సజ్జ అంతా ఊళ్ళో మేకలు తినిపోతుండాయి. నేను ఈడ పడుకుంటే అది ఆడ పండుద్దా?"

ఇందులో అబద్ధం లేదు. రెండేళ్ళుగా పైరు సగానికి సగం మేతకు పోయింది. పగలు కాపలా కాసి పొద్దుగూకితే ఇంటికి వచ్చే మనిషికి పొలం పూర్తిగా దక్కదు. అయితే లిదియమ్మ ఇంకొక మాట పైకి చెప్పలేదు. నాలుగేళ్ళుగా ఏరిన ప్రతి రాయినీ ఆమె చేత్తో ఎరుగును. అయినా ఆ నేలకు అతిథిలా పొద్దున వచ్చి సాయంత్రం పోవడమే. ఒక్కసారి అక్కడ నిద్ర లేవాలని ఆమెకు ఉండేది.

*

లిదియమ్మ రోజూ పొద్దున్నే పాలు తీసుకొని ఉదయగిరికి పోయేది. ఆ పాలు పోసే ఇళ్ళలో ఒకటి కమాలుద్దీన్‌ది. కొండ మీది కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కడం అతని పని. తండ్రి కాలంలో తలుపులు, దూలాలు కూడా చేసినవాళ్ళే. ఒకనాడు పాలు పోసి, చెంబు అక్కడే దించి, అరుగు మీద కూలబడింది.

"సాయిబన్నా, నాకొక కొట్టం కట్టిపెట్టాల."

"నేను చేసేది గరిటెలు చెల్లెమ్మా. గరిటెకు తలుపు ఉండదు, గడపా ఉండదు."

"తలుపు నాకొద్దులే. బర్రెకూ నాకూ నడుమ గోడ ఉంటే చాలు. అదీ ఛాతీ ఎత్తే. పడుకొని తల తిప్పితే బర్రె కనపడాల."

లోపలి నుంచి అతని భార్య అమీనాబీ నవ్వింది. "అయ్యయ్యో, గోడ కట్టుకొని కూడా బర్రె మొహమే చూడాలంట!"

"మీ ఆయన మొహం కంటే మేలే గదా అక్కా!"

కమాలుద్దీన్ నవ్వుతూనే చెక్కిన గరిటెల బుట్ట దగ్గరికి లాగాడు. అరుగు మీద గరిటెలను వరసగా పరిచాడు. పెద్ద గరిటె ఒకటి మూర, చిన్న చెంచా ఒకటి జాన. పెద్ద గరిటెలు గోడలయ్యాయి, చెంచాలు గుంజలయ్యాయి, పాయసం గరిటె ఒకటి పొయ్యి అయింది. ఆ విధంగా లిదియమ్మ కొట్టానికి మొదటి నమూనా తయారైంది.

మొదటిది అని ఎందుకన్నానంటే, తరువాత ఇంకా ఆరు తయారయ్యాయి. పొద్దున పాలు పోసేటప్పుడు ఒక నమూనా నచ్చేది. మధ్యాహ్నం పొలంలో నిలబడి చూస్తే నచ్చేది కాదు. అందరిలా తూర్పు వాకిలి పెడితే, ఇక్కడ వాన తూర్పు నుంచే వస్తుంది, పొయ్యి తడుస్తుంది. పడమరకు తిప్పితే వేసవి గాలి నిప్పులు చల్లినట్టు లోపలికి కొడుతుంది. గది ఉత్తరాన పెడితే బర్రెల మూత్రం గది కిందికి పారుతుంది, నేల వాలు అటే కాబట్టి. దక్షిణాన పెడితే పేడదిబ్బ వాసన. బర్రెల వైపు పొయ్యి పెడితే పొగకు దోమలు పోతాయి. గడ్డికి నిప్పు అంటుకుంటే బర్రెలూ పోతాయి. రాగిపిండి చేట మీద వేలితో గీసేది, చర్చిలో మోకరించి మట్టి నేల మీద పుల్లతో గీసేది. వసారాలో చాప మీద పడుకొని గోడకు మూరలు కొలిచేది.

"గరిటెలు అమ్ముకోనిస్తావా లేదా చెల్లెమ్మా?" అని కమాలుద్దీన్ మొత్తుకున్నాడు. "'అది గరిటె కాదు, మా చెల్లెమ్మ గోడ' అని నిన్న వింజమూరు గిరాకీకి చెప్పాల్సి వచ్చింది."

ఏడో నమూనాకు వచ్చేసరికి అతడే ఒక మాట తేల్చాడు. "ఎట్ట తిప్పినా ఇరవై మూరల పొడుగు ఉండాది. రెండు పక్కలా వాలు కప్పు వెయ్యాలంటే, ఆ రెండూ కలిసే నడిమి కొప్పుకు పొడుగాటి దూలం కావాల. ముసలి తాటిమాను. అది తెచ్చుకొని నా దగ్గరికి రా. దూలం లేకుండా ఎన్ని గీసినా గీతలే."

తాటిమాను ఎక్కడుంది? ఆదెయ్య దొడ్డి వెనక ఉంది. అతని తండ్రి నాటినది, గాలివానకు కూడా వంగనిది.

*

లిదియమ్మ అడగలేదు. ఆదెయ్యే ఇచ్చాడు. ఆగస్టులో ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక, చర్చి ముందు జనం ఇంకా చెదరకముందే, అందరూ వినేట్టు అన్నాడు: "మా లిదియా కొట్టానికి నడిదూలం నేనిస్తా. నా తమ్ముడుంటే నన్నే అడిగేవాడు."

అందరూ బాగుందన్నారు. పాస్టరయ్య అక్కడికక్కడే ప్రార్థన చేశాడు. లిదియమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దేవుడు నిన్ను చల్లగా చూడాల బావా" అని చేతులు జోడించింది.

ఆమె చేసిన తప్పు అది. ఆ తప్పు ఆ పాళెం మనిషి మాత్రమే చెయ్యగలిగింది. ఎందుకంటే ఆ చేతులు జోడించడానికి పాళెంలో ఒక అర్థం ఉంది. కొత్త కొట్టానికి నడికొప్పు దూలం ఎవరిస్తే, తొలి మూడు రాత్రులు వాళ్ళ ఎద్దులే అందులో కట్టాలి. ఆ తరువాతే ఇంటివాళ్ళ గొడ్లు లోపలికి రావాలి. లిదియమ్మకు ఈ ఆచారం తెలుసు. పెళ్ళిలో తొలి విస్తరి పెద్దవాళ్ళకు వేసినట్టుగా, అది ఒక మర్యాద అని అనుకుంది. మూడు రాత్రులే కదా అనుకుంది.

అక్టోబరులో ఆదెయ్య తాటిమాను కొట్టించి, బండి మీద వేసి పొలానికి తోలుకొని వచ్చాడు. మాను దించుతూ ఉండగా సైకిలు మీద కరణం జనార్దనయ్య అటుగా పోతూ ఆగాడు. ఏ పొలంలో ఏ పైరు ఉంది, ఎవరి అనుభవంలో ఉంది అని ఏటా స్వయంగా చూసి అడంగలు పుస్తకంలో రాయవలసినవాడు ఆయనే.

"దూలం నీదేనా ఆదెయ్యా?"

"మాదేనయ్యా."

"అయితే ఎద్దులూ నీవే కడతావన్నమాట."

"ఆచారం గదయ్యా."

"నేను జనవరిలో అజమాయిషీకి వస్తా. దున్నేది నువ్వు, కట్టేది నువ్వు. అనుభవదారు గడిలో నీ పేరు రాయమంటావా మరి?" అని జనార్దనయ్య నవ్వాడు. ఎగతాళికి అన్నాడో, నిజంగా అన్నాడో అతని మొహం చూస్తే తెలియలేదు.

ఆదెయ్య 'వద్దు' అంటాడని లిదియమ్మ ఎదురుచూసింది. అతడు తాటిమాను చివరను కాలితో సర్దుతూ, "మీరు ఏది చూస్తే అది రాయండయ్యా" అన్నాడు.

కరణం సైకిలు ఎక్కి పోయాడు. లిదియమ్మ చేతిలోని గంప అక్కడే వదిలేసి, రెండు మైళ్ళు నడిచి పాళెంలో రాహేలమ్మ ముందు కూర్చుంది.

"అత్తా, నడిదూలం ఎద్దులు మూడు రాత్రులు కట్టి, నాలుగో నాడు తోలుకొని పోతారు గదా?"

రాహేలమ్మ ఆకు చుట్టుకుంటూ నింపాదిగా చెప్పింది. "పోయేవాళ్ళు పోతారు. మా అత్తగారి కొట్టానికి మీ మామ చిన్నాయన దూలం ఇచ్చినాడు. మూడు రాత్రులని కట్టినాడు. వాన పట్టింది, ఇంకొక వారం అన్నాడు. ఎండాకాలం వచ్చింది, నీడకన్నాడు. పదేళ్ళకు కొట్టం వాళ్ళది, మేము పాళెం ఇవతలికి వచ్చినాము. నువ్వు కూచున్న ఈ వసారా అట్ట వచ్చిందే."

"ఎవురూ అడగలేదా?"

"ఏమని అడిగేది? దూలం వాళ్ళదేనాయె." రాహేలమ్మ కోడలి మొహంలోకి చూసింది. తన కొడుకు సంగతి మాట్లాడుతున్నానని ఆమెకు అప్పుడు తట్టినట్టుంది. "మా ఆదెయ్య అట్టాంటోడు కాదులే" అని ముగించింది. మాటలో బలం లేదు.

*

మరునాడు బర్రెలను పొరుగింటికి అప్పగించి లిదియమ్మ ఆత్మకూరు బస్సెక్కింది. కోర్టు దగ్గర ప్లీడరు రామనారాయణ పాళెం వాళ్ళ పిటిషన్లు రాసిపెట్టేవాడు. పట్టా కాగితం చేతికిచ్చి, దూలం కథ మొత్తం చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"చట్టం పూర్తిగా నీ పక్షానే ఉందమ్మా" అన్నాడు. "రెండేళ్ళ కిందటే కొత్త చట్టం వచ్చింది. ఇట్లాంటి భూమి ఇంకొకరి చేతిలోకి పోతే చెల్లదు."

"అయితే బావ పేరు రాసినా చెల్లదా?"

"చెల్లదు. కానీ ఇంకో సంగతి విను. ఇంకొకరి అనుభవంలో ఉందని పుస్తకంలో ఎక్కితే, షరతు తప్పినట్టే. ఎవరన్నా అర్జీ పెడితే ప్రభుత్వం పట్టా రద్దు చేసి వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడది నీదీ కాదు, మీ బావదీ కాదు."

లిదియమ్మ చెయ్యి చాచి పట్టా కాగితాన్ని వెనక్కి తీసుకుంది.

"దావా వేద్దాం. ఇంజంక్షన్ అడుగుదాం. తేలడానికి నాలుగేళ్ళో ఆరేళ్ళో పడుతుంది."

"కరణమయ్య జనవరిలో వస్తాడు సామీ."

చట్టం ఆమె పక్షాన ఉంది. కాని అది ఆత్మకూరులో ఉంది, తాటిమాను ఆమె పొలంలో ఉంది. ఆమె హక్కును కాపాడటానికి రాసిన చట్టమే, ఎవరో ఎద్దులు కట్టిన పాపానికి, ఆమెనే వీధిలో నిలబెట్టగలదు. దీన్ని రాసినవాళ్ళు ఏ కొట్టంలో ఎవరి ఎద్దులు ఉంటాయో ఎన్నడూ అడిగి ఉండరు.

బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. కూర్చోలేక లిదియమ్మ కోర్టు చుట్టూ తిరిగింది. వెనకవైపు గుమాస్తాలు సైకిళ్ళు పెట్టుకునే కొట్టం ఒకటి కనిపించింది. చూస్తూ నిలబడిపోయింది. ఆ కొట్టానికి ఒక పక్క ఎత్తైన ప్రహరీ గోడ. రెండో పక్క పొట్టి గుంజలు. గోడ మీంచి గుంజల మీదికి కప్పు ఒకే వాలున దిగింది. నడిమి కొప్పు లేదు. దూలం లేదు.

చీర చెంగు విప్పి మూరలు కొలవడం మొదలుపెట్టింది. కాపలా మనిషి అరిచాడు. "ఏయ్, ఏందమ్మా కొలుస్తుండావు? సైకిలు ఏమన్నా పోయిందా?"

"పోలేదు సామీ. దొరికింది" అని, కొలత పూర్తయ్యేదాకా కదల్లేదు.

*

"గోడ యాడుండాది నీకు?" అన్నాడు కమాలుద్దీన్, మళ్ళీ గరిటెలు పరుస్తూ.

"పడమటి గట్టున. నాలుగేళ్ళు పోసినా."

అతని చెయ్యి ఆగింది. ఆ రాళ్ళ పోతను అతడు చూశాడు. అందరూ చూశారు. దాన్ని గోడగా ఎవరూ చూడలేదు, లిదియమ్మతో సహా.

"బోద గడ్డి కప్పుకు వాలు నిటారుగా ఉండాల" అని అతడు గరిటెలను జరుపుతూ గొణిగాడు. "వాలు చాలకపోతే నీళ్ళు లోపలికి దిగతాయి. గోడ ఎనిమిది మూరలు లేపాల. ఇవతల గుంజలు మూడున్నర. వెడల్పు తగ్గించాల, ఏడు మూరలే. ఇరవై మూరల పొడుగును ఇరవై ఆరు చెయ్యి. బర్రెలు గోడ వైపు మొహం పెట్టి వరసగా నిలబడతాయి, కాలవ తూర్పుకు పారద్ది. పేడదిబ్బ ఉత్తరానికి జరుపు, నీ గది దక్షిణాన."

"పడమటి గాలి గోడకు కొట్టుకుంటది. తూర్పు వాన పొట్టి చూరును దాటి రాదు."

"రాదు." అతడు మొదటిసారి ఆమెను వింతగా చూశాడు. "ఇంత సులువుగా ఉంటే ఏడుసార్లు నా గరిటెలు ఎందుకు తిప్పించినావు?"

"దూలం అవసరం పడితే గదన్నా, దూలం లేకుండా ఎట్టని తెలిసేది."

అమీనాబీ పాల చెంబు కడిగి తెచ్చి ఇస్తూ అంది. "మరి ఆ దూలం? అందరి ముందరా దండం పెట్టి తీసుకున్నావంట గదా."

లిదియమ్మను ఆ రాత్రి నుంచి నిద్ర పోనివ్వనిది ఆ మాటే.

డిసెంబరు మొదటి ఆదివారం. ఆరాధన అయిపోయింది. ఏ చోట చేతులు జోడించిందో ఆ చోటనే నిలబడి లిదియమ్మ గొంతు పెంచింది.

"బావా, నీ తాటిదూలం ఎనక్కి తెచ్చి నీ దొడ్లో వేయిస్తా. బండి మాట్లాడినా."

ఆదెయ్యకు మొదట అర్థం కాలేదు. "ఎందుకు, పురుగు పట్టిందా?"

"దూలం బంగారం బావా. నా కొట్టానికే కొప్పు లేదు."

"కొప్పు లేని కొట్టం యాడన్నా ఉంటదా?"

"ఆత్మకూరులో ఉండాది, కోర్టు వెనక. సైకిళ్ళు పెట్టుకుంటారు."

జనం ఫక్కున నవ్వారు. "సైకిళ్ళ కొట్టంలో కాపురమా లిదియా! పంపు కూడా కొనుక్కో!" అని ఎవరో అరిచారు. పాస్టరయ్య నవ్వలేదు. "మాట ఇచ్చినావు గదమ్మా, ప్రార్థన కూడా చేసినాము" అన్నాడు మెల్లగా.

"నడికొప్పుకు దూలం తీసుకుంటానని ఇచ్చినానయ్యా. కొప్పు లేస్తే ఆ మాట తప్పను. లేవడం లేదు."

ఆదెయ్య మొహం నల్లబడింది. నవ్వినవాళ్ళు తగ్గారు. అతడు దగ్గరికి వచ్చి, ఆమెకు మాత్రమే వినపడేట్టు అన్నాడు. "నాలుగేళ్ళు దున్నినాను లిదియా. ఒక్క పైసా అడిగినానా? నీకు ముందూ వెనకా ఎవురుండారు? నీ తర్వాత ఆ నేల ఎవురికి పోద్ది? నా పిల్లోళ్ళకే గదా. ఈ పొద్దే వాళ్ళదయితే నీకు కష్టమేంది?"

ఈ మాటకు లిదియమ్మ దగ్గర కోపం లేదు. ఉంటే బాగుండేది.

"దున్నినావు బావా. కాదంటే నా నోరు పడిపోద్ది. నీ ఎద్దులు వచ్చిన రోజు నేనే మేత వేస్తా, నీళ్ళు పెడతా. పొద్దుగూకితే నీ ఇంటికి తోలుకొని పో. అంతే. నీ పేరు ఆ పుస్తకంలో పడితే నేల నీ పిల్లోళ్ళకూ రాదు. సర్కారు ఎనక్కి తీసుకుంటది. ప్లీడరు చెప్పినాడు."

"ప్లీడర్లు నూరు చెప్తారు" అని ఆదెయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకొని పోయాడు. ఆ రోజు నుంచి వసారాలో ఆమె చాప పక్కకు ఎవరూ జరపలేదు, తియ్యమని అనలేదు. మాట్లాడటం మాత్రం మానేశారు.

*

నెల రోజుల్లో గోడ లేచింది. రాయి కొరత లేదు, మట్టి కొరత లేదు. పాళెంలో ఇద్దరు ఆడవాళ్ళు బదులు పనికి వచ్చారు. వాళ్ళ కోతకు లిదియమ్మ పోవాలి, ఆమె గోడకు వాళ్ళు రావాలి. అడుగున రెండు మూరల మందం, పైన ఒక మూర. కింది వరసల్లో పెద్ద రాళ్ళు పడుతూ ఉంటే, ఇది ఏ వేసవిలో ఎత్తింది, ఇది ఎవరు సాయం పట్టింది అని లిదియమ్మ చెబుతూ ఉండేది. ఒక రాయిని చూసి చెప్పకుండా ఊరుకుంది. అది ఆదెయ్య పార వేసి పెళ్ళగించింది. దాన్ని గది మూలన, తాను తల పెట్టుకునే చోట పెట్టించింది.

కమాలుద్దీన్ గుంజలు పాతి, వాసాలు ఎక్కించాడు. ఛాతీ ఎత్తు అడ్డుగోడ లేచింది. మేత వేసే గాడి కట్టారు. మిగిలింది కప్పు. బోద గడ్డి కొండ మీద కొయ్యాలి. కోతకు ఫారెస్టువాళ్ళు పర్మిట్లు జనవరి ఆఖరుకు గాని ఇవ్వరు. అది ఏటా ఉన్న పద్ధతే. కరణం అజమాయిషీ మాత్రం జనవరి రెండో సోమవారానికి పడింది.

ఆ ముందు శనివారం మధ్యాహ్నం ఆదెయ్య వసారాలో నలుగురి ముందు కూర్చొని తేల్చి చెప్పాడు. లిదియమ్మ గుంజ పక్కన నిలబడి వింది. "కప్పు లేనిదాన్ని కొట్టమని ఎవురూ అనరు. సోమవారం కరణమయ్యకు అక్కడ కనపడేది రాళ్ళు, కర్రలు. బర్రెలు చూద్దామంటే నా దొడ్లో ఉండాయి. మనిషిని చూద్దామంటే నా వసారాలో ఉండాది. ఈ ఏడు దున్నింది ఎవురని అడుగుతాడు. నేనని చెప్తా. అబద్ధమా?"

ఎవరూ అబద్ధం అనలేదు. అది అబద్ధం కాదు కూడా.

లిదియమ్మ వసారాలో ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగుసార్లు తిరిగింది. ఎనిమిది నెలలుగా ఆమె కొట్టాన్ని ఎన్నిసార్లు తిప్పిందో ఆమెకే లెక్క లేదు. వాకిలి తిప్పింది, పొయ్యి తిప్పింది, గది తిప్పింది, చివరికి కప్పునే తిప్పింది. ప్రతిసారీ అన్నీ అయ్యాక పోయి ఉందామనే అనుకుంది. గోడ అయ్యాక, కప్పు అయ్యాక, కరణం వచ్చి పోయాక. అందరూ ఆ 'అయ్యాక' మీదనే కూర్చొని ఉన్నారు. ప్లీడరు ఆరేళ్ళు అయ్యాక అన్నాడు. బావ 'నీ తర్వాత' అన్నాడు.

ఆమె ఆగింది. చాప చుట్టింది. పొయ్యి మీది రెండు కుండలు, సజ్జల మూట, దుప్పటి, పట్టా కాగితం ఉన్న రేకు డబ్బా గంపలో సర్దింది.

"యాడికే?" అంది రాహేలమ్మ.

"ఇంటికి."

"నెత్తిన కప్పు లేదు గదే! పుష్యమాసం మంచు!"

"నెత్తిన లేకపోతే ఏమత్తా. ఎనకాల గోడ ఉండాది."

ఆదెయ్య తల ఎత్తలేదు. "కప్పు పడిందాకా ఆగలేవా?" అన్నాడు. అందులో కోపం కంటే అలసటే ఎక్కువ ఉంది.

"ఆగలేను బావా. సోమవారం కరణమయ్య వచ్చేసరికి నా పొయ్యి మండతా ఉండాల, నా బర్రెలు నా గాడిలో తింటా ఉండాల. దున్నింది నువ్వేనని నేనే చెప్తా. ఉండేది నేనని ఆయన చూసి రాసుకుంటాడు. ఆయన రాసి పోయినాక కూడా నేను తిరిగి రాను. కప్పు వేసినా, వెయ్యకున్నా."

రాహేలమ్మ లేచి, మూలనున్న బర్రె పలుపు ఒకటి తీసి కోడలి చేతిలో పెట్టింది. మరొక పలుపు లిదియమ్మే తీసుకుంది. పొద్దు కొండ మీదికి ఒరగకముందే, ఆదెయ్య ఎద్దుల పక్క నుంచి రెండు బర్రెలనూ విప్పి, గంప నెత్తిన పెట్టుకొని, పడమటి దారి పట్టింది.